విశాఖలో గుమ్మం లేనివాళ్ల ఓటు: ఫారం నింపడం నుంచి అప్పీలు దాకా

ఓటు హక్కుకు ఇల్లు ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం చూసేవి మూడే: భారత పౌరుడై ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, ఆ నియోజకవర్గంలో మామూలుగా నివసిస్తూ ఉండాలి. సొంతిల్లా అద్దిల్లా, గుమ్మానికి నంబరు పలక ఉందా లేదా అన్నవి దానికి పట్టవు. అవి పట్టేది కాగితానికి. పూర్ణా మార్కెట్ అరుగు మీద పడుకునే, మూటలు మోసే కళాసీకైనా, వేటకెళ్లి రోజుల తరబడి ఒడ్డుకు రాని పెద్దజాలారిపేట మత్స్యకారుడికైనా, గుడిసె తీసేశాక మరికవలస కాలనీకి మారిన కుటుంబానికైనా ఓటు పోయే చోట్లు దాదాపు ఒకటే. ఫారంలో చిరునామా గడి, తాళం వేసిన తలుపు, చేతికందని నోటీసు. అందుకే ఈ పనిలో ఉపన్యాసాల కన్నా రసీదులు ఎక్కువ పనికొస్తాయి. బస్తీ సంఘాలవాళ్లు, వార్డు సచివాలయ సిబ్బంది, హాస్టల్ వార్డెన్లు, ఇంట్లో చదువుకున్న పిల్లలు, ఎవరైనా ఇంకొకరి చేత ఈ పని చేయించగలిగేలా ఇది రాశాం.

ముందు జాబితా చూడండి, కార్డు కాదు

"నాకు కార్డుంది కదా బాబూ" అంటారు చాలామంది. కార్డు ఉన్నంత మాత్రాన ఓటున్నట్టు కాదు. పోలింగ్ రోజున చూసేది జాబితాలో పేరు. కార్డు పోయినా జాబితాలో పేరుంటే వేరే గుర్తింపు చూపించి ఓటు వేయొచ్చు. పేరు పోతే కార్డు ఎంత కొత్తదైనా లాభం లేదు.

ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో కార్డు నంబరుతో వెతకడం అన్నిటికన్నా నమ్మకం. పేరుతో వెతికితే చాలాసార్లు దొరకదు. అప్పలరాజు ఒకచోట ఒకే మాటగా, ఇంకోచోట రెండు ముక్కలుగా పడి ఉంటాడు. ఇంటిపేరు ముందుకో వెనక్కో పోతుంది. లక్ష్మి స్పెల్లింగు మూడు రకాలు. పేరుతో దొరకలేదని కొత్త దరఖాస్తు పెట్టేస్తే మనిషి రెండుసార్లు నమోదవుతాడు. తర్వాత డూప్లికేట్ అని తీసేసేటప్పుడు ఏ పేరు పోతుందో మన చేతిలో ఉండదు.

అందుకే బస్తీ స్థాయిలో పనిచేసేవాళ్లు ఆ పోలింగ్ కేంద్రం భాగం మొత్తాన్ని పీడీఎఫ్‌గా దించుకుని, అచ్చు తీసి, వీధి వెంట నడుస్తూ సరిచూడాలి. తీసేసిన పేర్లు అనుబంధ జాబితాలో ఉంటాయి. వాటి పక్కన ఒక ఇంగ్లిష్ అక్షరం కనిపిస్తుంది: 'ఈ' అంటే చనిపోయారు, 'ఎస్' అంటే ఇల్లు మారారు, 'ఆర్' అంటే రెండోసారి ఉన్న పేరు, 'ఎం' అంటే ఆచూకీ లేదు, 'క్యూ' అంటే అనర్హత. ఆ అక్షరం రాసిపెట్టుకోండి. మన జవాబు దాన్నిబట్టే ఉంటుంది. 'ఈ' పడిన మనిషి బతికి ఎదురుగా నిలబడితే వాదన అక్కర్లేదు. 'ఎస్' పడితే మాత్రం అక్కడే ఉంటున్నానని చూపించాలి.

పాత జాబితాల పేజీలు కూడా దాచండి. 2025లో బీహార్‌లో జాబితా మొత్తాన్ని మళ్లీ సరిచూసే ప్రత్యేక సమగ్ర సవరణ జరిగినప్పుడు ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. ఆ పేర్లను కారణాలతో సహా బయటపెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అలాంటి సవరణలో తానో, తల్లిదండ్రులో పాత జాబితాలో ఉన్నట్టు చూపగలిగినవాడికి పని సులువు, చూపలేనివాడికి పరుగు. ఆ పరుగు తీయలేనివాళ్లు ఎవరో వేరే చెప్పాలా?

ఏ ఫారం ఎవరికి

మొదటిసారి నమోదుకు ఫారం-6. ఇల్లు మారినా, పేరు, వయసు, లింగం, ఫొటో తప్పున్నా, కార్డు పోయినా, వైకల్యం నమోదు చేయించాలన్నా ఫారం-8. ఇంకొకరి పేరు మీద అభ్యంతరానికి, చనిపోయినవారి పేరు తీయించడానికి ఫారం-7. దేనికీ రుసుము లేదు. ఎవరైనా డబ్బడిగితే అది వాళ్ల సొంత వ్యాపారం.

ఎక్కువ తప్పులు జరిగేది ఇల్లు మారినవాళ్ల విషయంలో. నగరంలోని మురికివాడ నుంచి మరికవలస కాలనీకో ప్రభుత్వం కట్టిన టిడ్కో ఇంటికో మారినప్పుడు నియోజకవర్గమే మారిపోవచ్చు. పూర్ణా మార్కెట్ విశాఖ దక్షిణం, మరికవలస భీమిలి. పాత చోట బీఎల్వో, అంటే ఇంటింటికీ తిరిగి జాబితా సరిచూసే బూత్ స్థాయి అధికారి, వచ్చి ఇల్లు లేదని చూసి 'మారారు' అని రాసుకుంటాడు, పేరు పోతుంది. కొత్త చోట ఎవరూ దరఖాస్తు పెట్టరు. కుటుంబం రెండిటికీ కాకుండా పోతుంది. తాళంచెవి చేతికొచ్చిన నెలలోనే ఇంట్లో ఓటున్న ప్రతి ఒక్కరికీ విడివిడిగా ఫారం-8 పెట్టించండి. కేటాయింపు పత్రం జిరాక్సు జతచేయండి. కొత్తగా ఫారం-6 పెట్టకూడదు. ఇంతకుముందు ఎక్కడా ఓటు లేదన్న అర్థంలో అందులో సంతకం ఉంటుంది. తెలిసి అబద్ధం రాస్తే 1950 చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలో, జరిమానానో, రెండూనో పడొచ్చు. చదువు రాని మనిషి చేత అలాంటి సంతకం చేయించడం మేలు కాదు, అపకారం.

వయసు లెక్కకు ఇప్పుడు ఏడాదిలో నాలుగు తేదీలు: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. 17 దాటినవాళ్లు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. సంక్షేమ హాస్టళ్లలో ఉండే పాడేరు, అరకు పిల్లలకు ఇది మరీ ముఖ్యం. హాస్టల్ చిరునామాతోనైనా, ఊరి చిరునామాతోనైనా నమోదు కావొచ్చు, ఒకచోటే. పోలింగ్ రోజు ఎక్కడ ఉంటారో ఆలోచించి ఎంచుకోమనండి.

చిరునామా గడి

ఇల్లు లేనివాళ్ల దరఖాస్తులు వీగిపోయేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ ఓపిక పట్టాలి. ఫారం-6లో చిరునామా రుజువుగా ఆధార్, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్కు, కనీసం ఏడాదిగా ఉన్న కరెంటు, నీళ్లు లేదా గ్యాసు కనెక్షన్ బిల్లు, రిజిస్టరు చేసిన అద్దె పత్రం, పాస్‌పోర్టు, భూమి రికార్డు వంటివి అడుగుతారు. ఇవి దరఖాస్తుదారు పేరున గానీ, తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పెద్దయిన పిల్లల పేరున గానీ ఉండొచ్చు. ఇవేవీ లేకపోతే దరఖాస్తు తిప్పి పంపడానికి లేదు, క్షేత్ర పరిశీలన చేయాలి.

రోడ్డు పక్క పడుకునేవాళ్ల సంగతిలో ఎన్నికల సంఘం సూచన స్పష్టంగా ఉంది. ఫారంలో రాసిన చోటికి బీఎల్వో రాత్రిపూట వెళ్లి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూడాలి. ఒక్క రాత్రితో సరిపెట్టకూడదు, ఒకటికి మించి వెళ్లాలి. అలా తేలితే నివాసానికి కాగితం ఏదీ అడగకూడదు.

మరి గడిలో ఏం రాయాలి? 'పూర్ణా మార్కెట్' అని రాస్తే రాత్రి పది గంటలకు టార్చి పట్టుకుని బీఎల్వోగా వచ్చిన అంగన్‌వాడీ టీచరు ఎక్కడని వెతుకుతుంది? మనిషిని వెంటబెట్టుకుని ఆ చోటికి వెళ్లి, కళ్లకు కనిపించేది రాయండి. ఏ గేటు, గేటు లోపలా బయటా, ఏ షాపు ముందు అరుగు, షాపు బోర్డు మీద ఉన్న డోర్ నంబరు, ఎదురుగా ఏముంది. ఉదాహరణకు: 'ఫలానా డోర్ నంబరు ఉల్లిపాయల కొట్టు ముందు అరుగు, మెట్లకు ఎడమవైపు, రాత్రి 10 తర్వాత'. సమయం రాయడం నిబంధన కాదు కానీ పని తేలిక చేస్తుంది. 'ఎప్పటి నుంచి ఉంటున్నారు' అన్న చోట నెల, సంవత్సరం తప్పకుండా నింపండి. ఖాళీ వదిలితే దాన్నే వంకగా చూపిస్తారు.

పరిశీలన జరిగే వారం మనిషి అక్కడే ఉండాలి. కళాసీలకు, కేటరింగ్ పనివాళ్లకు ఇదే కష్టం. పెళ్లిళ్ల రోజుల్లో రాత్రంతా పనిలో ఉంటారు. అందుకే దరఖాస్తు మూఢంలో పెట్టించడం తెలివైన పని. వాన పడితే చోటు మారుతుంది, ఆ రెండో చోటు కూడా రాయండి. పక్కన పడుకునే ఇద్దరికి, షాపు యజమానికి, రాత్రి వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచండి. "ఆ ముసలాయనా? ఇక్కడే ఉంటాడమ్మా, నాలుగేళ్లుగా చూస్తున్నా" అన్న ఒక్కమాట బీఎల్వో నివేదికలో పడితే చాలు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) నిరాశ్రయుల వసతి గృహంలో ఉండేవాళ్లకు ఆ గృహం చిరునామాయే రాయొచ్చు, అక్కడి రిజిస్టరులో పేరు రోజూ పడేలా చూసుకోవాలి.

నంబరు లేని గుడిసెలకు జాబితాలో ఊహా నంబరు ఇస్తారు. అది నిజం డోర్ నంబరని ఎవరూ అనుకోవద్దు. పట్టా కోసం అదేమీ పనికిరాదు, ఓటు కోసం సరిపోతుంది.

కార్డు స్పీడ్ పోస్టులో వస్తుంది. అరుగు మీదకి పోస్టుమ్యాన్ రాడు. ఫారంలో పనిచేసే మొబైల్ నంబరు ఇస్తే డిజిటల్ కార్డు దించుకోవచ్చు. సొంత ఫోన్ లేకపోతే బంధువుదో నమ్మకమైనవారిదో ఇవ్వొచ్చు. కానీ ఒకే కార్యకర్త నంబరు అరవై ఫారాల్లో కనిపిస్తే అనుమానం రావడం సహజం. ఇంకో సంగతి, కట్టలు కట్టి ఫారాలు పట్టుకెళ్తే తీసుకోరు. ఒకే ఇంట్లోవాళ్లవి కలిపి ఇవ్వొచ్చు, బస్తీ మొత్తానివి కాదు. మనిషిని తీసుకెళ్లి ఇప్పించడమో, పక్కన కూర్చోబెట్టుకుని పోర్టల్‌లో పెట్టడమో చేయాలి. రిఫరెన్స్ నంబరును ఆ మనిషి ఆధార్ జిరాక్సు వెనకే రాసి ఇవ్వండి. వేరే చీటీ మీద రాస్తే అది పోతుంది.

ఇంటికి తాళం, మనిషి సముద్రంలో

1950 చట్టం సెక్షన్ 20లో ఒక వాక్యం ఉత్తరాంధ్ర వలస జనానికి ప్రాణాధారం. తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన అక్కడి నివాసం పోయినట్టు కాదు. మరబోట్ల మీద వేటకెళ్లేవాళ్లు, గుజరాత్‌లోని వేరావల్‌కి నెలల తరబడి వెళ్లే శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు, ఇటుక బట్టీలకు పోయేవాళ్లు అందరూ దీని కిందికి వస్తారు. ఇల్లుండి, కుటుంబముండి, తిరిగి వచ్చే ఉద్దేశముంటే పేరు ఉండాల్సిందే.

బీఎల్వో పరిశీలన సమయంలో తలుపు తాళం వేసి ఉంటే పక్కింటివాళ్లని అడుగుతారు. "వాళ్లు ఎళ్లిపోనారు" అన్న మాటను ఎవరెలా అర్థం చేసుకుంటారో చెప్పలేం. వేటకెళ్లారా, ఊరు వదిలి వెళ్లారా? వెళ్లేముందే పక్కింటివాళ్లకు "ఫలానా నెలకి వస్తాం, ఓటు ఇక్కడే" అని చెప్పి, ఫోన్ నంబరు ఇచ్చి పోవాలి. ఈ తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరబోట్ల వాళ్లంతా ఒడ్డునే ఉంటారు. జాబితా సరిచూడడానికీ, తప్పులు దిద్దించడానికీ జాలారిపేటలో అంతకన్నా మంచి కాలం లేదు.

నగరంలోనే ఏళ్ల తరబడి భవన నిర్మాణంలో పనిచేస్తూ పండక్కి మాత్రం ఊరెళ్లేవాళ్లది వేరే సంగతి. రెండుచోట్ల ఓటు ఉండకూడదు. ఊళ్లో ఓటు తీయించుకుంటే పథకాలు పోతాయేమోనన్న భయం వాళ్లది. అందుకే ఒత్తిడి చేయొద్దు, ఎంచుకోవాల్సింది వాళ్లే. పింఛనుకీ, రేషనుకీ ఓటరు జాబితా అర్హత కాదని మాత్రం స్పష్టంగా చెప్పండి.

హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు

ఫారంలో 'థర్డ్ జెండర్' గడి ఉంది. తండ్రి, తల్లి, భర్త పేరు రాసే చోట గురువు పేరు రాయొచ్చని ఫారంలోనే ఉంది. ఇల్లు వదిలి వచ్చినవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు, చాలా కౌంటర్లలో తెలియదు కాబట్టి ఫారం తెరిచి వేలు పెట్టి చూపించండి. పాత కార్డు మగ పేరుతో ఉంటే ఫారం-8తో పేరు, లింగం, ఫొటో మార్పించుకోవచ్చు. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం కింద కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రం ఉంటే దారి నున్నగా ఉంటుంది, దానికి దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. ఆధార్‌లో ఒక పేరు, కార్డులో ఒక పేరు ఉంటే ముందు ఆధార్ సరిచేసుకుని తర్వాత ఓటరు కార్డు జోలికి వెళ్లడం మంచిది. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఒకదాని కాగితం రెండోదానికి సరిపోక అటూ ఇటూ కాకుండా పోతాయి.

సెక్స్ వర్కర్లకు నివాస రుజువు కోసం పట్టుబట్టకుండా రేషను కార్డులు, ఓటరు కార్డులు ఇవ్వమని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రభుత్వాలను ఆదేశించింది. ఎయిడ్స్ నియంత్రణ సంస్థ జాబితాల ఆధారంగా ఈ పని జరగాలి, వాళ్ల వృత్తి బయటపడకూడదు. కాబట్టి దరఖాస్తులో వృత్తి ఊసే తీయొద్దు. తీసుకెళ్లేవాళ్లు కూడా నోరు అదుపులో పెట్టుకోవాలి.

మానసిక వైద్యశాలలో చికిత్స తీసుకున్నంత మాత్రాన ఓటు పోదు. మతిస్థిమితం లేదని తగిన కోర్టు ప్రకటించి ఉండాలి. డాక్టరు చీటీయో, ఇంట్లోవాళ్ల మాటో చాలదు. జైల్లో ఉన్నవాళ్ల సంగతి వేరు: శిక్ష పడినా, విచారణ ఖైదీ అయినా 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) సెక్షన్ ప్రకారం ఓటు వేయలేరు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లు మాత్రం పోస్టల్ ఓటు వేయొచ్చు. అడవివరం సెంట్రల్ జైల్లో ఉన్నాడని జాబితాలోంచి పేరు తీయించేయడం మాత్రం తప్పు. ఓటు వేయడం ఆగుతుంది, పేరు ఉండొచ్చు.

పేరు తీసేస్తామన్నప్పుడు

ఫారం-7 ఎవరు పడితే వాళ్లు వేయలేరు, అదే నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. వేసినంత మాత్రాన పేరు పోదు. 1950 చట్టం సెక్షన్ 22 ప్రకారం, మనిషి చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా నివాసం లేదనో అర్హత లేదనో తీసేయడానికి వీల్లేదు. ఇప్పటికే జాబితాలో ఉన్నవాళ్ల విషయంలో అధికారి సహజ న్యాయం (వాళ్ల మాట విన్నాకే నిర్ణయించడం) పాటించి తీరాలని 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఉన్న పేరుకు విలువుంది, దాన్ని కాదనేవాడే కారణం చూపాలి.

నోటీసు వస్తే చేయాల్సినవి రెండు: తేదీకి వెళ్లడం, వెళ్లినట్టు కాగితం మిగుల్చుకోవడం. చెప్పుకునే అవకాశం వచ్చినా వాడుకోనివాళ్ల అప్పీలు నిలబడదు. ఇది తెలియక కూలి పోతుందని విచారణకు వెళ్లకుండా, తర్వాత కలెక్టరు దగ్గర మొర పెట్టుకునేవాళ్లుంటారు. వెళ్లలేకపోతే రాతపూర్వకంగా జవాబిచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. జవాబు పొడవు అక్కర్లేదు:

'నా పేరు ఫలానా. భాగం నంబరు, వరుస నంబరు, కార్డు నంబరు ఇవి. నేను ఈ చిరునామాలో ఫలానా సంవత్సరం నుంచి నివసిస్తున్నాను. వేట పని మీద ఫలానా తేదీ నుంచి తాత్కాలికంగా ఊళ్లో లేను. సెక్షన్ 20 ప్రకారం నా నివాసం కొనసాగుతోంది. నా పేరు తీసేయవద్దు. తీసేస్తే కారణాలతో కూడిన ఉత్తర్వు ప్రతి ఇవ్వండి.'

చివరి వాక్యం మరిచిపోవద్దు. ఉత్తర్వు ప్రతి లేకుండా అప్పీలు నడవదు. మొదటి అప్పీలు జిల్లా ఎన్నికల అధికారికి, అంటే మహారాణిపేటలోని కలెక్టరుకు, ఉత్తర్వు వచ్చిన 15 రోజుల్లో. అక్కడ పని జరగకపోతే 30 రోజుల్లో వెలగపూడిలోని రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండోది. పోస్టులో పంపితే గడువులోపు అది అక్కడికి చేరాలి, ఇక్కడ పోస్టు చేసిన తేదీ లెక్కకు రాదు.

ఎన్నికలు దగ్గర్లో ఉంటే అప్పీలు వేసి కూర్చోవద్దు, పక్కనే కొత్తగా ఫారం-6 కూడా పెట్టండి. అందులో 'ఫలానా తేదీన పొరపాటున తీసేశారు' అని రాసి పాత కార్డు జతచేస్తే అబద్ధపు ప్రకటన అన్న మాట రాదు. దరఖాస్తును ఏడు రోజులు అభ్యంతరాలకు ఉంచాలి కాబట్టి, నామినేషన్ల చివరి తేదీకి కనీసం పది రోజుల ముందే చేరాలి. నామినేషన్ల గడువు ముగిశాక జాబితా కదలదు. కార్పొరేషన్ ఎన్నికలకు కూడా అసెంబ్లీ జాబితానే వార్డులవారీగా విడదీస్తారు, కాబట్టి ఇక్కడ లేని పేరు అక్కడా ఉండదు. నియోజకవర్గం నమోదు అధికారి ఎవరో, ఏ కార్యాలయంలో కూర్చుంటారో తెలియకపోతే ఓటర్ల హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేయండి.

బీఎల్వోలతో తగువు పెట్టుకోకండి. చాలామంది అంగన్‌వాడీ టీచర్లు, సచివాలయ సిబ్బంది. సొంత పని మీద ఇది అదనం. రాత్రిపూట మార్కెట్టుకి ఒంటరిగా రావడానికి జంకితే మీలో ఒకరు తోడు వెళ్లండి, పని జరుగుతుంది. కావాలని ఎగ్గొట్టేవాళ్ల కోసం 1950 చట్టంలో సెక్షన్ 32 ఉంది, విధి ఉల్లంఘనకు మూడు నెలలకు తగ్గని జైలు. ఆ కేసు ఎన్నికల సంఘమో ప్రధాన ఎన్నికల అధికారో ఫిర్యాదు చేస్తేనే కోర్టు తీసుకుంటుంది. దాన్ని బెదిరింపుగా వాడితే పని చెడిపోవడమే.

పోలింగ్ రోజు

రోజుకూలీ సహా పనిచేసే ఓటరు ప్రతి ఒక్కరికీ ఆ రోజు జీతంతో కూడిన సెలవు, 1951 చట్టంలోని 135బి సెక్షన్. ఇవ్వని యజమానికి జరిమానా 500 రూపాయలే. మేస్త్రీ దీనికి భయపడడు. ముందురోజే అడిగి పొద్దున్నే ఓటేసి పనికి వెళ్లేలా మాట్లాడుకోవడమే ఆచరణలో కుదిరేది. 85 దాటినవాళ్లు, 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవాళ్లు ఇంటి నుంచి ఓటు కోసం ఫారం-12డి పెట్టుకోవచ్చు. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపే పెట్టాలి, తర్వాత తీసుకోరు.

కొన్ని పేర్లు జాబితాలో ఉంటాయి కానీ పోలింగ్ సిబ్బంది దగ్గర ఇంకో జాబితాలో 'ఇంట లేరు, మారారు, చనిపోయారు' అని ఉంటాయి. ఓటు లేదని తిప్పి పంపేస్తే కదలకండి. గుర్తింపు మరింత జాగ్రత్తగా చూసి, వేలిముద్ర తీసుకుని ఓటు వేయనివ్వాలి. గుర్తింపుకు ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న పాస్‌బుక్కు, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, దివ్యాంగుల యూడీఐడీ కార్డు వంటివి పనికొస్తాయి. రేషను కార్డు ఆ జాబితాలో లేదు. అది పట్టుకొచ్చి వెనక్కి పోయే ముసలివాళ్లుంటారు, ముందురోజే చెప్పాలి.

వెళ్లేసరికి మీ ఓటు ఎవరో వేసేశారంటే టెండర్ ఓటు అడగండి. ప్రిసైడింగ్ అధికారి కొన్ని ప్రశ్నలు అడిగి, మీరే ఆ మనిషని తేలితే యంత్రం మీద కాకుండా కాగితపు బ్యాలెట్ ఇస్తారు. ఫారం-17బిలో మీ సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. ఆ ఓటు మామూలు లెక్కింపులో కలవదు. అయినా అడగాలి. ఎన్నిక మీద పిటిషన్ పడితే హైకోర్టు తెప్పించుకునేది ఆ కాగితాన్నే.